ఉత్త నీళ్ల పరీక్ష

నేను ల్యాబులో పని చేస్తానని తెలిస్తే చాలు, చుట్టాలు చెయ్యి చాపుతారు, షుగరుందేమో చూడమని. మాది రక్తం చూసే ల్యాబు కాదు, రాతిపిండి చూసే ల్యాబు అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. "రాతిపిండిలో చూసేదానికి ఏముండాది?" అంటుంది మా పిన్నమ్మ, ఆదోని నుంచి ఫోను చేసినప్పుడల్లా. ఎంత మెత్తగా ఉందో చూస్తాం పిన్నీ అంటే, "ఏలితో నలిపితే తెల్దా?" అంటుంది. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. అదే మాట అనే మనిషి మా మిల్లులోనే ఒకాయన ఉన్నాడు. ఆయనతో పొద్దంతా వాదించి ఇంటికొస్తే, ఫోనులో మళ్లీ అదే పాట.

కడప నుంచి ఒంటిమిట్ట దాకా బస్సులో నిలబడే పోతాను. అక్కడ గుడికి వచ్చినవాళ్లు దిగిపోతే సీటు దొరుకుతుంది. దొరికి సరిగ్గా కూర్చునేలోపు నా స్టాపు వస్తుంది. రోడ్డు పక్క తుమ్మచెట్లు తెల్లగా సున్నం కొట్టినట్టు కనబడితే మా మిల్లు వచ్చినట్టే. మేము ముగ్గురాయిని నలగ్గొట్టి పిండి చేస్తాం. చూడ్డానికి మామూలు ముగ్గే గానీ, సంచి ఎత్తబోతే నడుం పట్టేస్తుంది, అంత బరువు. నూనె బావులు తవ్వేవాళ్లు ఈ పిండిని బురదలో కలిపి బావిలోకి పంపుతారు. లోపలి గ్యాసు పైకి తన్నుకు రాకుండా ఆ బరువు అదిమి పెడుతుంది. పిండి ముతకగా ఉంటే అడుగుకు దిగిపోతుంది, పంపులను గీకేస్తుంది. మరీ మెత్తగా ఉంటే బురద సంకటిలా గట్టిపడుతుంది. మధ్యరకంగా ఉండాలి, ప్రతి లాటూ అట్లాగే ఉండాలి.

ఉందో లేదో చెప్పేది నా మిషను. ఒక చిన్న తొట్టిలో శుభ్రమైన నీళ్లు పోసి, చిటికెడు పిండి వేసి కలియబెడితే, ఆ నీళ్లు రెండు గాజుపలకల మధ్య నుంచి పారుతాయి. ఒక పక్క నుంచి ఎర్రటి లేజరు కాంతి వాటి మీద పడుతుంది. రేణువుకు తగిలిన కాంతి చెదురుతుంది. పెద్ద రేణువు కాంతిని కొంచెమే పక్కకు తిప్పుతుంది, కానీ ఆ వెలుతురు గట్టిగా ఉంటుంది. చిన్న రేణువు దూరదూరంగా చెదరగొడుతుంది, అయితే మసకగా. ఏ పక్కకు ఎంత వెలుతురు పడిందో అవతల ఉన్న పట్టీలు పట్టుకుంటాయి. దాన్నిబట్టి కంప్యూటరు వెనక్కి లెక్క కట్టి, ఈ సైజువి ఇంత పాలు, ఆ సైజువి ఇంత పాలు అని ఒక గీత గీస్తుంది. అంటే అది ఒక్క రేణువును కూడా చూసిన పాపాన పోదు. చెదిరిన వెలుతురును చూసి ఊహిస్తుంది, అంతే. పైగా ప్రతి రేణువూ గోళీకాయలా గుండ్రంగా ఉందనుకుని లెక్క వేస్తుంది. రాయిని నలగ్గొడితే గోళీలు వస్తాయా? రావు. ఆ సంగతి మిషను తయారుచేసినవాళ్లకు తెలుసు. కొన్నవాళ్లకే తెలియదు.

ఇదంతా మా మిల్లు ఆపరేటరుకు మొదటిసారి చెప్పినప్పుడు ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "చంద్రునికి గుడి కట్టినట్టా?" అన్నాడు. సన్నటి మబ్బు కమ్మినప్పుడు చంద్రుడి చుట్టూ వెలుగు వలయం కడుతుంది కదా, అది. "దూరం గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన. గుడి ఎంత ఉండాదో చూసి మబ్బు సంగతి చెప్తాం. నీ డబ్బా చేసేదీ అదేనా?" అన్నాడు. అదే. మబ్బులోని చుక్క ఎంత చిన్నదైతే వలయం అంత పెద్దది. నేను రెండేళ్లు ఎమ్మెస్సీ చదివి తెలుసుకున్నది ఆయన మిల్లు గడపలో నిలబడి బీడీ ఆర్పుతూ అనేశాడని నాకు నిజంగా కోపం వచ్చింది.

ఆయనకు యాభై అయిదు దాటి ఉంటాయి. మిల్లు పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు. నేను అన్నా అని పిలుస్తాను. మిల్లు లోపల పైన ఒక చక్రం తిరుగుతుంటుంది. దాని వేగం పెంచితే మెత్తటి పిండి మాత్రమే బయటికి పోతుంది, ముతక మళ్లీ కిందపడి నలుగుతుంది. పిండి మెత్తన, సంచులు తక్కువ. వేగం తగ్గిస్తే సంచులు ఎక్కువ, పిండి ముతక. ఆ వేగం సరిచేసేది ఆయన. దానికి ఆయన పద్ధతి ఒకటే. గొట్టం కింద అరచెయ్యి పెట్టి పిండి పడతాడు. బొటనవేలితో నలిపి చెవి దగ్గర పెట్టుకుంటాడు. అప్పటికీ అనుమానం తీరకపోతే చిటికెడు తీసి ముందుపళ్ల మధ్య పెట్టి కొరుకుతాడు. కరకరమంటే ముతక. రాతిపిండి తింటే ఏమవుతుందన్నా అని అడిగితే, "ఇన్నేండ్లూ ఏమైనాది?" అని ఎదురడుగుతాడు.

ఆయన వేళ్లూ నా మిషనూ చాలాసార్లు ఒకే మాట చెప్పేవి. చెప్పినప్పుడు, "దీనికి ఇంత పెద్ద డబ్బా ఎందుకమ్మా?" అనేవాడు. చెప్పనప్పుడు తప్పు మిషనుదే అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నేనూ ఆ రకమే. అందుకే మాకు పడదు.

దసరా సెలవు అయిపోయి మిల్లు తిప్పిన మొదటి రోజు నుంచి అసలు గొడవ మొదలైంది. పొద్దున్నే వచ్చిన నమూనా పెడితే ముతక అని చూపించింది. గీత చివర, పెద్ద రేణువులుండే చోట, మూపురంలా ఒక ఎత్తు లేచింది. చీటీ మీద 'ముతక' అని రాసి పంపాను. ఆయన వేగం పెంచాడు. మళ్లీ నమూనా. మళ్లీ ముతక. ఇంకా పెంచాడు. సాయంత్రానికి సంచులు సగానికి సగం పడిపోయాయి, నా గీత చివరి మూపురం మాత్రం కదల్లేదు. మరుసటి రోజూ అంతే. మధ్యలో కరెంటు పోయింది రెండుసార్లు. పోయిన ప్రతిసారీ లేజరు వేడెక్కేదాకా అరగంట కూర్చోవాలి. ఆ అరగంటలో ఆయన ల్యాబు తలుపు దగ్గరికి మూడుసార్లు వచ్చి ఒకే మాట అన్నాడు.

"పిండి బాగుండాదమ్మా. నేను చూసినా గదా. శానా మెత్తగుండాది. ఇంగా పెంచితే పిండి గాదు, పొగ వస్తాది."

"మిషను చెప్తాంది గదన్నా ముతకని."

"అది చెప్తే? నా చెయ్యి చెప్పేది ఎవురింటారు?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే సరిపోయేది. మూడో రోజు మధ్యాహ్నం, సంచులు నింపే షెడ్డులో, పది పన్నెండు మంది పనివాళ్లు అన్నం క్యారియర్లు తెరుచుకుని కూర్చున్నప్పుడు, ఆయన మళ్లీ అరచేతిలో పిండి పోసుకుని నా ముక్కు కింద పెట్టాడు. చూడమన్నాడు, నలపమన్నాడు. నాకు ఆకలి, తలనొప్పి, పొద్దున్నుంచి నాలుగు చీటీలు రాసి ఉన్నాను. "నీ పండ్లు అరిగిపోయినాయన్నా, అందుకే నీకు ముతక తెలీడంల్యా. ఇంగ ఈ పని నీతో కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ షెడ్డులో గట్టిగా అనకపోతే వినబడదు. ఎవరో నవ్వారు. ఆయన పిండిని కింద పారబోసి, చెయ్యి పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట మేనేజరు చెవిన పడడానికి ఎంతసేపు పడుతుంది? రాతిపిండి మిల్లులో కూడా ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని తిరిగే మనిషి ఆయన. పొలాల్లాగే, ఎవరినైనా మాట అనే హక్కు కూడా తనకు వారసత్వంగా వచ్చిందనుకుంటాడు. నా చీటీలు చేత్తో పట్టుకుని మిల్లు దగ్గరికి పోయి, "ఏమప్పా, వయసైపోయినాది, ఇంగ చాలు. రేపట్నించి సంచుల కాడికి పో" అన్నాడట. ఇరవై ఏళ్లకు పైగా మిల్లు చప్పుడు విని, ఆ చప్పుడులో తేడాను బట్టి బేరింగు అరుగుతోందని చెప్పగలిగిన మనిషి, నాలుగో రోజు పొద్దున సంచుల మూతులు కుట్టే చోట కూర్చున్నాడు. మిల్లు దగ్గర ఎవరో కొత్తాయన నిలబడ్డాడు. మిషను అప్పటికీ ముతక అనే చూపించింది. అది నాకు అనుమానం తెప్పించాలి. తెప్పించలేదు. కొత్తవాడికి పని రాదు, పాతవాడు పాడుచేసి పెట్టాడు అని మేనేజరు అంటే తల ఊపాను.

ఆ మధ్యాహ్నమే ఆపరేటరు ల్యాబుకు వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా తెల్లగా, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, నాదొక్క మాట ఇను. పిండి ఎయ్యొద్దు. ఉత్త నీళ్లు పెట్టి అడుగు."

"ఏమని అడగాల?"

"ముతక ఉండాదా అని."

"నీళ్లలో ముతక యాడుంటాదన్నా?"

"అదే నేను చెప్తాండేది. సాక్షి నిజం చెప్తాడో లేదో తెల్సుకోవాలంటే జరగని సంగతి అడిగి చూడాల. లేదంటే నీ డబ్బా మంచిది, నాది తప్పు. మళ్లీ నీ గడప తొక్కను."

ఆయన నోరు మూయించడానికే తొట్టి కడిగాను. రెండుసార్లు కడిగాను. క్యానులో మిగిలిన శుభ్రమైన నీళ్లు పోశాను, పిండి వేయలేదు, బటను నొక్కాను. తెర మీద గీత లేచింది. చివర అదే మూపురం, అదే చోట. ఉత్త నీళ్లలో ముతక. నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోశాను. మళ్లీ అదే. ఆయన మెడ చాచి చూస్తున్నాడు.

మిషను పక్క తలుపు తీసి గాజుపలకలున్న పెట్టెను బయటికి లాగాను. వెనకాల, లేజరు వచ్చే చోట, ఇంకో గాజు ఉంటుంది. దాని పక్కన గుండ్రంగా గంధం బొట్టు, మధ్యలో కుంకుమ. బొట్టు ఎండి బీటలు వారింది. కుంకుమ రాలి గాజంతా పరుచుకుంది.

"అది నేను పెట్టిందే గదా" అన్నాడు ఆయన వెనక నుంచి, సన్నగా. "ఆయుధపూజ పొద్దు. దీని కన్ను యాడుండాదమ్మా అంటే నువ్వే తలుపు తీసి చూపిస్తివి."

చూపించాను. ఆ రోజు మిల్లులో ఉన్న ప్రతిదానికీ, మోటార్లకు, తూకానికి, లారీ చక్రాలకు, చివరికి నా కుర్చీకి కూడా బొట్టు పెట్టారు. నా మిషనుకు ముందు పక్కంతా నున్నటి ప్లాస్టిక్కు, ముఖమంటూ లేదు. కంటికి పెడితే చూపు చల్లగా ఉంటుందని ఆయన అడిగాడు. నేను అప్పుడు ఫోనులో నీళ్ల క్యాన్ల మనిషితో తగాదా పడుతున్నాను. చెవి దగ్గర ఫోను పెట్టుకునే తలుపు తీసి, పెట్టె బయటికి లాగి, గడ్డంతో అదిగో అని చూపించి, మళ్లీ తగాదాలో పడ్డాను. ఇన్నాళ్లూ ఈయన వేళ్లను వెక్కిరించిన నా మిషను, ఈయన వేలితో పెట్టిన కుంకుమనే ముగ్గురాయి అనుకుని లెక్క కట్టింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

అప్పుడే మేనేజరు వచ్చాడు. బొట్టు చూసి, విషయం విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "బొట్టూ ఈయప్పదే, పిండీ ఈయప్పదే! సంచుల కాడనే ఉండనీ మేడమ్, ఇంగ ఏ మిషను కాడికీ రానియ్యొద్దు" అన్నాడు. ఆపరేటరు తల వంచుకుని, "నాదే తప్పు సార్" అని వెళ్లిపోయాడు. నేను స్పిరిట్‌తో, మెత్తటి గుడ్డతో, తల ఎత్తకుండా గాజు తుడుస్తూ కూర్చున్నాను.

నిజమేమిటంటే, బొట్టు వల్ల ఇంత దూరం రాలేదు. పిండి వేసే ముందు ప్రతిసారీ ఆ మిషను ఉత్త నీళ్లు చూపించమని అడుగుతుంది. ఏమీ లేనప్పుడు గాజు ఎట్లా ఉందో చూసుకుని, ఆ మచ్చలను లెక్కలో నుంచి తీసేస్తుంది. గాజు మీద ఏమైనా ఉంటే ఎర్ర అక్షరాలతో చెప్తుంది కూడా. దానికి ప్రతిసారీ తొట్టి కడగాలి, క్యాను నీళ్లు పోయాలి. ఆ నీళ్ల మనిషి రెండు రోజులకోసారి వస్తానని వారానికోసారి వస్తాడు. బోరు నీళ్లు వాడితే సున్నం పొరలు కడుతుంది. అందుకని నేను 'పాతదే వాడు' అనే బటను నొక్కేదాన్ని. ఆ నాలుగు రోజులూ పండగకు ముందు తీసిన పాత నీళ్ల లెక్కతోనే నెట్టుకొచ్చాను. మొదటి పొద్దున ఒక్కసారి కొత్తగా నీళ్లు చూపించి ఉంటే, బొట్టు అప్పుడే బయటపడేది. ఆ సంగతి ఆపరేటరుకు తెలియదు, మేనేజరుకు తెలియదు. మిషనుకూ నాకూ తెలుసు. మిషను ఎవరికీ చెప్పదు.

సిగ్గు లేకుండా రాస్తున్నాను, మొదట నాకు హాయిగా అనిపించింది. బొట్టు పెట్టింది ఆయన, ఒప్పుకుంది ఆయన, నా ఉద్యోగానికి ఢోకా లేదు. టీ తెప్పించుకున్నాను. సగం తాగాను. శుభ్రం చేసిన మిషనులో, పక్కన దాచిన ఆ నాలుగు రోజుల నమూనాలూ పెట్టి చూశాను, ఈసారి ప్రతిదానికీ ముందు నీళ్లు చూపించి. ఒక్కటి కూడా ముతక కాదు. మొదటి రోజుది ఉండాల్సినంత మెత్తగా ఉంది. తర్వాతవన్నీ ఉండాల్సిన దానికంటే మెత్తన, ఆయన పొగ అన్నట్టే. ఆయన వేళ్లు నాలుగు రోజులూ నిజమే చెప్పాయి. మిగిలిన టీ పారబోశాను. నా మీద నాకే అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

మేనేజరు గదికి పోయి అంతా చెప్పాను. ఆయన కొంచెం సేపు పేపరువెయిటు తిప్పి, "సరేలే మేడమ్, ఆయప్పను మిల్లు కాడికి పొమ్మను. ఈ నీళ్ల సంగతి మాత్రం యాడా అనొద్దు. ల్యాబు మీద నమ్మకం పోతే మనం ఎట్ల బతకాల?" అన్నాడు. నన్ను కాపాడుతున్నానని అనుకున్నాడు పాపం. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది, అదీ నా తప్పును ఆయన అంత తేలిగ్గా మడిచి జేబులో పెట్టుకున్నందుకు.

షెడ్డులో ఆపరేటరు సంచి మూతి కుడుతున్నాడు. కుట్టు మిషను గుర్రుమంటోంది, పక్కన మిల్లు రొద. నేను దగ్గరికి పోయి వంగి, "అన్నా, సార్ నిన్ను మిల్లు కాడికి పొమ్మన్నాడు" అన్నాను.

ఆయన లేవలేదు. "ఎందుకు?"

"పిండి బాగుండాది గాబట్టి. మొదటి నుంచీ బాగుండాది."

"నాకు ముందే తెల్సు గదా ఆ మాట." దారం కొరికి తెంపి, సంచి పక్కకు తోసి, చుట్టూ పని చేస్తున్నవాళ్ల వైపు గడ్డం ఎత్తాడు. "ఈళ్లకు తెల్దు."

అదీ సంగతి. చెవిలో చెప్పి పోదామని వచ్చాను నేను. నిటారుగా నిలబడ్డాను. పిండి నాలుగు రోజులూ బాగానే ఉందని, నీళ్లు చూపించకుండా మిషను నడిపి తప్పుగా రాసింది నేనేనని, ఈయన చేతికీ పళ్లకీ ఏమీ కాలేదని, ఆ మాట అనడం నా పొగరని అరిచి చెప్పాను. పారలు ఆగాయి. ఎవరూ నవ్వలేదు. ఆయన కుట్టు మిషను ఆపి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని నా వైపు చూశాడు.

"మిల్లు రొదలో ఇనపల్యామ్మా. ఇంగోసారి చెప్పు."

ఆయనకు మొదటిసారే వినబడిందని నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. గొంతు ఇంకా పెంచి, ఒక్క మాట కూడా తగ్గించకుండా, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.